వెదురు కుర్చీలో అంజనమ్మ

ఆదెప్ప కులంలో చనిపోయినవాళ్ళను పడుకోబెట్టి తీసుకుపోరు. వెదురుతో కుర్చీ కట్టి, అందులో కూర్చోబెట్టి, చుట్టూ పూలతెర వేసి, తమటె డప్పులు మోగిస్తూ భుజాల మీద మోసుకుపోతారు. సొంత చేనులోనే పూడుస్తారు. శరీరం బిగుసుకోకముందే కూర్చోబెట్టాలి. అందుకే తల్లి అంజనమ్మ తెల్లవారుతూనే ఊపిరి వదలగానే అతడు వచ్చి మా తలుపు తట్టాడు.

నేను వైద్యుణ్ణి కాను. హోసూరు బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా మా వీధిలో ఎవరి ఊపిరి ఆగినా, నిజంగా ఆగిందో లేదో చూడడానికి నన్నే పిలుస్తారు. దేవుణ్ణి నమ్మనివాడు చావు విషయంలో పొరపడడని వాళ్ళ నమ్మకం. నాడి చూశాను, కంట్లో టార్చి వేశాను.

"పోయింది ఆదెప్పా."

"మీరు చెప్తే సరే సార్," అన్నాడు.

ఇక అతనికి మిగిలింది ఒకటే పని. పొద్దు మునిగేలోగా అమ్మను నాయన పక్కన పెట్టాలి. బాగలూరు రోడ్డు అవతల వాళ్ళ రోజాతోటలో, భర్త సమాధి పక్కన, తన చోటును ఆమె బతికుండగానే కాలితో గీసి చూపించింది. గుంత తవ్వడానికి మనుషులు అప్పటికే బయలుదేరారు.

ఆ తోటతో పాటు ఆ పక్క భూములన్నీ కొత్త పారిశ్రామిక వాడకు తీసుకుంటారన్న వార్త వచ్చినప్పటి నుంచి ఊరు రెండుగా చీలింది. భూములు ఇచ్చేది లేదన్న రైతులు ఆకుపచ్చ తువ్వాళ్ళు వేసుకున్నారు. ఫ్యాక్టరీలు రావాలన్న అంగళ్ళవాళ్ళు, పని దొరకని యువకులు పసుపు జెండాలు పట్టారు. రెండు వాదాలూ విన్నాను. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది; తెలియనిదాన్ని తెలుసనడం అంతకంటే ఎక్కువగా ఉంది. ఆ మాటే ఇద్దరికీ చెప్పి, ఇద్దరి చేతా తిట్లు తిన్నాను.

ముందురోజు రైతులు పసుపు జెండాల నాయకుడు ఉదయ్ కుమార్ దిష్టిబొమ్మను వెదురు కుర్చీలో కూర్చోబెట్టి, తమటెలతో ఊరంతా తిప్పి, అతని ఎరువుల అంగడి ముందే తగలబెట్టారు. ఆ కుర్చీ కట్టింది ఆదెప్ప చిన్నాన్న కొడుకు మారియప్ప. ఈ రోజు అంజనమ్మకు కట్టిందీ అతనే.

శవాన్ని ఎత్తే ముందు ఆదెప్పను పక్కకు పిలిచాను.

"నాలుగు రోడ్ల దగ్గర రెండు పక్షాలూ ఉన్నాయట. వ్యాన్‌లో పోదాం."

"అమ్మ ఎప్పుడన్నా తోటకు వ్యాన్‌లో పోయిందా సార్? నడిచే పోయింది."

మారియప్ప వెదురు ముడి బిగిస్తూ అందుకున్నాడు. "సారు దేవుణ్ణి నమ్మరు, దయ్యాన్ని నమ్మరు. వ్యాన్‌ను మాత్రం బాగా నమ్ముతారప్పా."

శవం ముందర కూడా నలుగురు నవ్వారు.

"కనీసం ఆ పచ్చ తువ్వాళ్ళన్నా తీసేయండి," అన్నాను.

"చావుకు తువ్వాలు లేకుండా పోతామా సార్? మాకు ఉండేది ఇదే."

నాలుగు రోడ్ల దగ్గర ఒక పక్క పచ్చ తువ్వాళ్ళు, ఒక పక్క పసుపు జెండాలు, నడుమ పలుచగా పోలీసులు. నినాదాలు తమిళం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ వినబడుతున్నాయి. తిట్లు మాత్రం ఎక్కువగా తెలుగులోనే ఉన్నాయి. మా తమటెల మోత వినగానే పసుపు జెండాల వైపు ఒక కేక లేచింది.

"మల్లా తెచ్చినార్రా. నిన్న కాల్చింది సాల్లేదంట."

పచ్చ తువ్వాళ్ళు, తమటెలు, పూలతెర వెనక కూర్చున్న ఆకారం, అదే చేతులు కట్టిన కుర్చీ. నిన్న అది చూసినవాళ్ళు ఈ రోజు మరేదో అనుకోవడానికి ఆధారం లేదు. ఉదయ్ కుమార్ నవ్వుతూ ముందుకు వచ్చాడు.

"నన్ను ఎన్నిసార్లు సంపుతారప్పా? ఉండండి, బొమ్మ నాకన్నా బాగుందేమో చూస్తాను."

అతని వెనక అందరూ నవ్వారు. మేము అరిచినది తమటెల్లో కలిసిపోయింది. అతడు చెప్పు తీసి, పూలతెర మీదుగా ముఖం ఉండే చోట కొట్టాడు. తెర తెగింది. అంజనమ్మ తల ఒక పక్కకు వాలింది. నుదుట అతికించిన రూపాయి బిళ్ళ రోడ్డు మీద పడి దొర్లింది.

రోజూ పొద్దున్నే అతని అంగట్లో దేవుళ్ళ పటాలకు రోజాపూలు ఇచ్చి పోయేది ఆమె.

"అవ్వా," అన్నాడు ఉదయ్ కుమార్. చెప్పు ఇంకా చేతిలోనే ఉంది. వంగి ఆమె పాదాలు పట్టుకోబోయాడు. మారియప్ప పాడె వెదురు లాగి అతని తల మీద కొట్టాడు. తరువాత ఎవరు ఎవరిని కొట్టారో నేను చెప్పలేను. రాళ్ళు రెండు వైపుల నుంచీ వచ్చాయి. మోసేవాళ్ళు చెదిరిపోయారు. కుర్చీ ఒక కాలు విరిగి నేల మీద ఒరిగింది. ఆదెప్ప తల్లిని రెండు చేతులతో చుట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"అమ్మకు తగల్లేదు గదా సార్? మీరు చెప్పండి. మీరు అబద్ధం చెప్పరు."

"తగల్లేదు ఆదెప్పా. ఆమెకేమీ తెలియదు."

చచ్చినవాళ్ళకు ఏమీ తెలియదని బతుకంతా చెప్పి జనాన్ని నొప్పించాను. ఓదార్పుగా చెప్పడం అదే మొదలు.

పోలీసులు శవాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఆ భూమిలో పూడిస్తే రెండు వర్గాలూ అక్కడే కొట్టుకుంటాయని, గ్యాస్ దహనవాటికలో ముగించాలని ఒక అధికారి చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. ఆదెప్ప, నేను ఇద్దరం వెంట రావచ్చన్నాడు.

ఆ దహనవాటిక కావాలని ఇంటింటికీ తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. కట్టెలు మిగులుతాయి, పొగ తగ్గుతుంది అని చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. అయితే దాని పళ్ళెం పడుకున్న మనిషి కోసం చేసింది. కూర్చుని బిగుసుకుపోయిన అంజనమ్మ మోకాళ్ళను పనివాళ్ళు ఇద్దరు పట్టి చాపారు. ఆ చప్పుడుకు ఆదెప్ప నా వైపు చూశాడు. ఈసారి ఏమీ అడగలేదు.

మరునాడు పొద్దున బూడిద కుండ తీసుకుని తోటకు పోయాము. అమ్మ కాకపోతే ఆమె బూడిదైనా ఆ గుంతలో పెట్టాలని అతని ఆశ. మేము పోయేసరికి గుంత లేదు. తండ్రి సమాధి పక్కన కొత్త మట్టి దిబ్బ, దాని మీద పచ్చ జెండా, అంజనమ్మ ఫోటోతో ఒక బ్యానరు ఉన్నాయి. తలకు కట్టుతో మారియప్ప, అతని వెనక చాలామంది నిలబడి ఉన్నారు.

"తవ్విన గుంత ఉత్తగా ఉండకూడదు గదా అన్నా. విరిగిన కుర్చీ పెట్టి పూడ్చినాము."

"తియ్యి. అమ్మను పెట్టల్ల."

"అమ్మ ఈడే ఉందని ఊరంతా చెప్పేసినాము. ఇప్పుడు తవ్వితే పసుపోళ్ళు నవ్వరా? కొన్నాళ్ళు ఓర్చుకో."

ఆదెప్ప నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సార్. మీరు చెప్తే నమ్ముతారు."

నేను దిబ్బ దగ్గరికి పోయి, అందరికీ వినబడేలా చెప్పాను. "ఇందులో అంజనమ్మ లేదు. ఒక విరిగిన కుర్చీ ఉంది. ఆమె ఈ కుండలో ఉంది."

వెనక నుంచి ఒక ముసలాయన, కోపం లేకుండానే, "ఆయన దేన్నీ నమ్మడులేప్పా," అన్నాడు. తమటెలు మొదలయ్యాయి. ఊరేగింపు ఆ దిబ్బ దగ్గర నుంచే బయలుదేరింది.

తిరిగి వస్తూ ఆదెప్ప తన పచ్చ తువ్వాలు తీసి కుండకు చుట్టాడు. మా వీధి మలుపులో ఆగిపోయాడు. వాళ్ళలో ఒకసారి ఎత్తుకుపోయిన శవాన్ని, బూడిదగానైనా, మళ్ళీ ఇంటి గడప లోపలికి తేకూడదు.

"మీకైతే ఏం గాదు గదా సార్?"

"నాకేమీ కాదు," అన్నాను.

కుండ మా ఇంట్లో, పుస్తకాల అలమర పై అరలో ఉంది. రెండు పక్షాల ఊరేగింపులూ ఇంకా సాగుతున్నాయి. పొద్దున్నే ఆదెప్ప వచ్చి గడప బయట నిలబడతాడు. ఒక రోజాపువ్వు నా చేతికిచ్చి, అలమర వైపు ఒకసారి చూసి పోతాడు. లోపలికి రాడు.