కాగితం చాటు మాట

ఇరవయ్యో ఏట జ్వరం వచ్చి అక్క చెవులు పోయాయి. బట్టలు కుట్టే మనిషి కనుక బతుకు ఆగలేదు, కుట్టుమిషను చప్పుడే ఆగిపోయింది. ఇంజనీరు తమ్ముడు చెవి లోపల అమర్చే వినికిడి పరికరం తయారు చేసి, మొట్టమొదట ఎవరికి పెట్టించాలా అని తల పట్టుకు కూర్చుంటే ఆవిడే ముందుకొచ్చింది.

"నాకు పెట్టించరా. పోయేదేముంది, ఉన్నవేమన్నా పనికొచ్చే చెవులా?" అంది.

"నువ్వు బతికున్నన్నాళ్లూ దాని బాగోగులు నావే అక్కా," అని పెదాలు నిదానంగా కదుపుతూ మాటిచ్చాడు.

ఆపరేషను అయ్యాక ఆరేళ్లు, ప్రతి ఆదివారం పరీక్ష. అక్క పెదాల కదలిక చూసి మాట పట్టేయడంలో ఆరితేరింది. అందుకని తమ్ముడు నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఒక్కో మాటా చదివేవాడు. ఆవిడ విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. సరిగ్గా చెబితే టిక్కు. "పాలు" అంటే "బాలు" అని, "మేకు" అంటే "మేక" అని ఆవిడ చెప్పినప్పుడు ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవారు. ఆ టిక్కులు చూపించి తను పనిచేసే కంపెనీని మెప్పించాడు. పరికరం దేశదేశాల్లో అమ్ముడుపోయింది. తమ్ముడు గాజు తలుపుల గదిలోకి మారాడు.

ఇవాళ అక్క ఆ గదికే వచ్చింది. చెవి వెనక తగిలించుకునే భాగం రెండు రోజులుగా మధ్యమధ్య గరగరమంటోంది. అది పోతే మళ్లీ నిశ్శబ్దమే.

"ఏం చేద్దాం?" అన్నాడు పక్కనున్న మేనేజరు.

తమ్ముడు బల్ల మీది కాగితం తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పెదాలు దాస్తే చాలు, ఆవిడకేం తెలుస్తుందనుకున్నాడు మహానుభావుడు.

"పాత మోడల్ సార్. స్పేర్లు ఈ నెలతో ఆపేస్తున్నాంగా. అక్కకి చెవుడు అలవాటే, సర్దుకుంటుంది."

తమ్ముడు మాట తప్పినందుకు అక్కకి ఏడుపొచ్చింది. ఆ కాగితం చూస్తే ఒళ్లు మండింది. లోకమంతా అమ్ముకున్నాడే, ఇది వినిపిస్తుందని వీడే నమ్మలేదా?

ఆదివారాల్లో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుంది.

"పాత మోడల్ సార్," అంది, ఒక్కో మాటా విడమరిచి. "స్పేర్లు ఈ నెలతో ఆపేస్తున్నాంగా. అక్కకి చెవుడు అలవాటే, సర్దుకుంటుంది."

కాగితం మెల్లగా కిందికి దిగింది.

"ఒక్కటీ తప్పు పోలేదుగా," అంది అక్క. "టిక్కులు పెట్టుకోరా."