నూట పన్నెండు నిమిషాల శిక్ష

మా అత్త సుగుణమ్మ ప్రభువు బల్ల దగ్గరికి పోవడం మానేసింది ఒక మంచు హాకీ ఆటగాడి మూలంగా. ఈ మాట ఎవరితో అన్నా నాకు ఎండదెబ్బ తగిలిందనుకుంటారు. మే నెలలో కుండలో నీళ్లు కూడా వేడెక్కే ఆళ్లగడ్డలో మంచు ఏమిటి, హాకీ ఏమిటి? కానీ జరిగింది అదే. వచ్చిన ఉత్తరం చదివింది నేనే, జవాబు రాసిందీ నేనే కాబట్టి నాకు తప్పించుకునే దారి లేదు.

మా మామ చిన్న వయసులోనే పోయాడు. ఒక్కగానొక్క కొడుకు రాజరత్నాన్ని వెంటబెట్టుకుని మా అత్త నంద్యాల మిషన్ బంగళాలో ఆయాగా చేరింది. అక్కడ ఫిన్లాండు దేశం నుంచి వచ్చిన ఒక డాక్టరు దొర, ఆయన భార్య హిల్మా దొరసాని ఉండేవాళ్లు. వాళ్ల కొడుకు యుహా నంద్యాలలోనే పుట్టాడు, మా అత్త చంకలోనే పెరిగాడు. అత్త నోట యుహా కాస్తా యోహాను అయ్యాడు. వాడికి ఎనిమిదేళ్లప్పుడు, యాభై ఏడులో, వాళ్లు సామాన్లు సర్దుకుని తమ దేశం వెళ్లిపోయారు. అప్పటి నుంచి ప్రతి క్రిస్మస్‌కూ దొరసాని ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసేది. నేను ఇంగ్లీషు పంతులమ్మను. రాజరత్నాన్ని చేసుకుని ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆ ఉత్తరాలు చదివి చెప్పడం నా పని అయింది. చదివేది నేను, వినేది ఆమె, మురిసిపోయేదీ ఆమే. సొంత కొడుకు రుద్రవరంలో కరెంటు లైన్‌మన్‌గా ఎండలో స్తంభాలెక్కుతుంటే ఒక్కనాడూ అంత మురిసిపోయిన పాపాన పోలేదు. నాకు ఒళ్లు మండేది. పైకి అనేదాన్ని కాదు.

డెబ్బై తొమ్మిది జనవరిలో వచ్చిన ఉత్తరంలో ఒక పేపరు కత్తిరింపు కూడా ఉంది. ఆ దేశంలో నాలుగేళ్ల కిందట మంచు హాకీకి కొత్తగా పెద్ద లీగు పెట్టారట. పది జట్లు. అందులో ఆడేవాళ్లకు జీతాలిస్తారు, పేపర్లలో ఫొటోలు వేస్తారు. మన యోహాను అందులో ఒక జట్టులో చేరి రెండేళ్లయిందట. కత్తిరింపులో ఫొటో కూడా ఉంది. గోడలాంటి మనిషి, చేతిలో వంకర కర్ర, నవ్వుతున్నాడు. పై పళ్లు రెండు లేవు.

"పండ్లు యాడబోయినాయి?" అంది అత్త.

"ఆటలో ఊడిపోయింటాయి."

"ఇదేం ఆట మ్మే? ఐసంటే సోడాల సాయిబు రంపంపొట్టులో పెట్టే గడ్డ గదా? దాని మీద మనిషి నిలబడ్తాడా?"

"నిలబడేది కాదత్తా, ఉరుకుతారు. బూట్ల కింద కత్తులు కట్టుకోని ఉరుకుతారు."

"కత్తులా!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అసలు చిక్కు అది కాదు. కత్తిరింపు కింద పోయిన ఏడాది లెక్కల పట్టీ ఒకటి ఉంది. ఆ భాష మాకు తెలియదని దొరసాని ఒక్కో మాట మీదా పెన్సిలుతో ఇంగ్లీషు రాసింది. ఆడిన ఆటలు ముప్పై ఆరు. వేసిన గోల్స్ నాలుగు. శిక్ష నిమిషాలు నూట పన్నెండు. పక్కనే ఆమె చేతిరాత: జట్టులో అందరికంటే ఎక్కువ మావాడివే.

శిక్ష ఏమిటని అత్త అడిగింది. నేను పాఠం చెప్పినట్టు చెప్పాను. ఎదుటివాణ్ణి కర్రతో కొట్టినా, కాలు అడ్డం పెట్టి పడేసినా ఆటలోంచి తీసేసి పక్కనున్న దొడ్డిలాంటి దాంట్లో కూర్చోబెడతారు. మామూలు తప్పుకు రెండు నిమిషాలు, పెద్ద తప్పుకు అయిదు. ఏడాదిలో అట్లా కూర్చున్నవన్నీ కలిపితే నూట పన్నెండు. ఇదంతా కూడా దొరసాని ఉత్తరంలోనే వివరంగా రాసింది.

మా ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబు పక్కన పెట్టి, "వాడు ఇంగా కర్రతోనే ఉండాడన్న మాట," అని నవ్వి, సైకిలుకు గాలి కొట్టించుకోవాలని మళ్లీ బయటికి పోయాడు. అత్త ముఖం మాత్రం మాడిపోయింది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం చర్చిలో సంస్కారం, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. ఎవరి మనసైనా నొప్పించి ఉంటే ముందు పోయి వాళ్లతో సమాధానపడి రావాలని, అప్పటిదాకా బల్ల దగ్గరికి రాకూడదని మా సంఘంలో గట్టి పట్టింపు. అందరూ వరుసగా లేచి ముందుకు పోతుంటే మా అత్త చాపమీదే కూర్చుండిపోయింది. ఊరందరికీ తలలో నాలుకలా ఉండే మనిషి, నలభై ఏళ్లలో ఒక్కసారీ తప్పనిది అట్లా కూర్చుంటే ఎవరు ఊరుకుంటారు? చూడనట్టు అందరూ చూశారు. కోడలితో పడటం లేదేమోనని పక్క చాప మీది కృపావరమ్మ గారు నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది.

సోమవారం పొద్దున మా సంఘం పాస్టరు నతానియేలు అయ్యగారే ఇంటికొచ్చారు.

"సుగుణమ్మక్కా, ఎవరితో మాటామాటా వచ్చిందమ్మా? చెప్తే నేను పోయి మాట్లాడ్తా."

"ఫిన్లాండుతో అయ్యగారూ," అంది అత్త.

అయ్యగారు కాఫీ తాగి, ఇంకేమీ అడగకుండా ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

ఆ రోజు నేను బడి నుంచి రాగానే అత్త ఎయిర్‌మెయిల్ కాగితం నా ముందు పెట్టింది. పోస్టాఫీసుకు తానే నడిచిపోయి కొనుక్కొచ్చింది.

"నేను చెప్తా, నువ్వు రాయి. రత్నానికి మాత్రం చెప్పాకు," అంది.

ఆమె చెప్పింది ఇది. యాభై ఆరులో ఒక మధ్యాహ్నం యోహాను, మా ఆయన బంగళా వెనక కర్రాబిళ్ళ ఆడుతున్నారు. యోహానుకు ఏడేళ్లు, ఈయనకు తొమ్మిది. ఓడిపోతున్నానన్న ఉక్రోషంతో యోహాను కర్ర తిప్పి మా ఆయన మొహం మీద కొట్టాడు. కనుబొమ్మ చీలి రక్తం కారింది. అరుపులు విని దొరసాని బయటికొచ్చింది. కొట్లాట ఎవరు మొదలుపెట్టారని అడిగింది. అత్త అంతా కళ్లారా చూసింది. అయినా, మావాడే మొదలుపెట్టాడమ్మా అని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, దొరసాని ముందరే చింతబరిక తీసుకుని, రక్తం కారుతున్న కొడుకును నాలుగు బాదింది.

నా చేతిలో కలం ఆగిపోయింది. కనుబొమ్మ మీది ఆ మచ్చ గురించి పెళ్లైన కొత్తలో అడిగితే, చిన్నప్పుడు పడ్డానని చెప్పాడు ఆయన. తొమ్మిదేళ్లుగా నేను అదే నమ్ముతున్నాను.

"రాయి మ్మే," అంది అత్త. "దొరసాని గారికి, నేను ఆ పొద్దు మీకు అబద్ధం చెప్తి. తప్పు చేసింది మీ పిల్లోడు. ఆ పొద్దే మీకు చెప్పింటే మీరు వాన్ని దండిచ్చి బుద్ధి చెప్పేవాళ్లు. నేను కడుపులో దాస్తి. అందుకే వాడు పెద్దోడై ఆ దేశంలో అందర్నీ కర్రతో కొట్టి నూట పన్నెండు నిమిషాలు కూచుండాడు. నా పెంపకం తప్పు. నన్ను క్షమించండి."

"అత్తా, అది ఆట. ఆటలో అట్లనే ఉంటాది. వాడు రౌడీ అయిపోయినాడని కాదు."

"కొట్టినాడా లేదా?"

"కొట్టినాడు."

"మళ్ల?"

 నేను అడగాల్సింది ఇంకొకటి ఉంది, అడిగేశాను.

"మరి మీ కొడుకు సంగతేంది? రక్తం కార్తాండే పిల్లోన్ని కొడ్తిరే, ఆయప్పకు క్షమాపణ చెప్పేది ల్యా?"

అత్త నన్ను వింతగా చూసింది. "వానికేం? చిన్నప్పటి సంగతి. వాడు ఎప్పుడో మర్సిపోయింటాడు."

నాకు వచ్చిన కోపానికి ఆ కాగితం చింపి పొయ్యిలో పెట్టాల్సింది. అయినా రాశాను. ఒక్క మాట మార్చకుండా ఇంగ్లీషులో రాశాను. మాట ఇచ్చాను కాబట్టి ఆయనకు చెప్పలేదు. రాత్రి అన్నం వడ్డిస్తుంటే చూపు ఆ మచ్చ మీదికే పోయేది. ఏందీ అట్ల చూస్తాండావ్ అని ఆయన ఒకటి రెండుసార్లు అడిగాడు. ఏమీ లేదన్నాను.

మార్చి మొదటి ఆదివారం కూడా అత్త చాపమీంచి లేవలేదు. ఏప్రిల్‌లోనూ అంతే. అప్పటికి మనిషి సగమైంది. కూడు సయించేది కాదు. పోస్టుమన్ వచ్చే వేళకు వాకిట్లో కూర్చుని, అతను మా ఇల్లు దాటి పోతే లోపలికొచ్చి పడుకునేది. తాను చచ్చిపోయే లోపల జవాబు వస్తుందా అని నన్ను అడిగేది. వస్తుందత్తా అనేదాన్ని. కోపమున్నా జాలి వేసేది. క్షమాపణ కోసం అంతగా అలమటించే మనిషిని నేను చూడలేదు.

జవాబు ఏప్రిల్ చివర్లో వచ్చింది, మిట్టమధ్యాహ్నం. బడికి సెలవులిచ్చారు కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజు లైనులో పని ఉందని కరెంటు తీసేశారు, ఆ పని ముగించుకుని మా ఆయన కూడా ఇంటికొచ్చి గడప దగ్గర కూర్చుని చొక్కాతో విసురుకుంటున్నాడు. ఆయన ముందు ఎట్లా చదివేదని నేను వెనకాడాను. అత్తకు అంత ఓపిక ఎక్కడిది?

"సదువు, సదువు," అంది.

దొరసాని రాసింది పది లైన్లే. సుగుణమ్మ ఉత్తరం చూసి ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయట. క్షమించడానికి ఏమీ లేదట. ఆ రోజు సంగతి తనకు అసలు గుర్తే లేదట. కర్రతో కొట్టిన సంగతి, చింతబరికతో బాదిన సంగతి అన్నీ నేను రాసినవే ఆమె మళ్లీ రాసి, ఎంత తలచుకున్నా జ్ఞాపకం రాలేదంది. నేను చదువుతూనే గడప వైపు చూశాను. మా ఆయన విసురుకోవడం ఆపేశాడు.

రెండో కాగితం యోహాను రాసింది. ఆయమ్మా, నువ్వు దిగులు పడాకు అని మొదటి లైను ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులోనే రాశాడు. తనకూ ఆ దెబ్బ గుర్తులేదట, రత్నంతో కర్రాబిళ్ళ ఆడటం మాత్రం గుర్తుందట. ఆటలో గోల్ దగ్గరికి ఎదుటివాళ్లను రానీయకుండా అడ్డుకోవడం తన పని, అందుకే శిక్షలు ఎక్కువ, ఆట అయిపోగానే అందరూ చేతులు కలుపుకుంటారు అని వివరంగా రాశాడు. ఇంకో సంగతి కూడా రాశాడు. గోల్ కాసేవాడు తప్పు చేస్తే అతన్ని బయటికి పంపరు. అతను లేకపోతే ఆట సాగదు. అతని బదులు జట్టులో ఇంకొకడు పోయి శిక్ష గదిలో కూర్చుంటాడు.

"ఒకడు చేసిన తప్పుకు ఇంకొకడు కూచుంటాడా?" అంది అత్త.

"అవునంట."

"వానికి కోపం రాదా?"

"జట్టులో వాడే గదా, రాదంటాండాడు. యోహానే శానాసార్లు కూచున్నాడంట. ఎవరు పోతారని అడిగితే వీడే పోతాడంట."

"ఆడ అడిగి పంపుతారేమో," అన్నాడు మా ఆయన గడప దగ్గరి నుంచి. మా వైపు చూడలేదు, వీధి వైపే చూస్తున్నాడు. "నన్నెవరూ అడగల్యా."

  క్షమాపణ కోసం సముద్రాల అవతలికి ఉత్తరం రాయించిన మనిషి, గడప దగ్గరున్న కొడుకును అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"నీకు గుర్తుండాదా నాయనా?" అంది.

"ఉండాది."

"నువ్వు కాదని నాకు తెల్సు. తెల్సి కూడా కొడ్తి."

"నీకు తెల్సని నాకూ తెల్సులే మా. దెబ్బలు ఆ పొద్దే మానిపాయె. తెల్సి కొట్టినావే, అది మాత్రం మర్సిపోల్యాకపోతి."

 అప్పుడు అత్త అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"వాన్ని అంటే పని పోతాదని భయపడ్తి. నిన్ను కొట్టినా నువ్వు యాడికీ పోవు గదా, నాకాడనే ఉంటావు గదా, అందుకని నిన్ను కొడ్తి. తప్పు నాదే రత్నం. ఈ మాట దొరసానికి కాదు, నీకు చెప్పల్ల. ఇరవై మూడేండ్లు చెప్పకపోతి."

ఏడుపు ఆమెకు రాలేదు, నాకొచ్చింది. మా ఆయన లేచి చొక్కా కొయ్యకు తగిలించాడు. తొట్టి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను కంచం తీయబోతే వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టాడు.

"అమ్మా, ఆకలైతాంది. అన్నం పెట్టు," అన్నాడు.

నేను ఆ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్లలో ఆయన నన్ను అడిగి అన్నం తిన్నాడు, నేను లేకపోతే తానే పెట్టుకుని తిన్నాడు. తల్లిని అడగడం నేను వినలేదు. అత్త గోడ పట్టుకుని లేచింది. నేను చేయి అందించబోతే విదిలించుకుంది. తానే పోయి గిన్నె దించి, కొడుక్కు అన్నం పెట్టింది.