ఇశ్రాయేలు పళ్ళ గార

మా ఆయన ఇశ్రాయేలు భవానీపురంలో పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ ఊదుతాడు. మైలవరం నుంచి మంగళగిరి దాకా ఎక్కడ ఊరేగింపున్నా ఆయన ఉండాల్సిందే. ఇత్తడి ట్రంపెట్‌ని చింతపండూ ఇటుకపొడీ పెట్టి తళతళలాడేలా తోముతాడు. అంతవరకూ బాగానే ఉంది. అదే ఇటుకపొడితో పళ్ళు కూడా తోముకునేవాడు మహానుభావుడు! ఇత్తడికి పనికొచ్చింది పంటికి పనికిరాదా అని దబాయింపు. బ్యాండువాళ్ళంతా అంతే.

ఆ తోమడం కూడా పైపైనే. జనానికి కనబడే వైపు రుద్దేవాడు, లోపలివైపు వేలు పెట్టేవాడు కాదు. చిగురుకి తగిలితే రక్తం వస్తోందని అటు పోయేవాడే కాదు. కింది పళ్ళ వెనక పచ్చగా గార పేరుకుపోయింది. ఒక ఏడు ఎండాకాలం, సరిగ్గా పెళ్ళిళ్ళ మధ్యలో, కింద ముందుపళ్ళు కదలడం మొదలెట్టాయి. ట్రంపెట్ పెదవికి ఆనించి ఊదాలంటే ఆ పెదవి వెనకున్న ముందుపళ్ళు గట్టిగా ఉండాలి. అవి ఊడితే ఊదడం అయిపోయినట్టే. ఆయనకి వేరే పని రాదు. పైకి అనడు గానీ అన్నం కెలికి లేచిపోయేవాడు.

"పళ్ళ డాక్టరు దగ్గరికి పోదాం పదవయ్యా" అంటే ససేమిరా అన్నాడు. "ఆ గారే పళ్ళని పట్టుకునుందే! అది గీకేస్తే మొత్తం రాలిపోతాయి" అన్నాడు, అదేదో సిమెంటన్నట్టు. నెత్తీ నోరూ కొట్టుకుని, ఆఖరికి అన్నం వండనని బెదిరించి గవర్నరుపేట లాక్కుపోయాను.

డాక్టరు రామకోటేశ్వరరావు గారు చిన్న అద్దం నోట్లో పెట్టి చూశారు. "పొద్దున్నే పంటిమీద జిగురుగా తగుల్తుందే, ఆ పాచిని రోజూ తోమేస్తే పోతుంది. వదిలేస్తే రాయిలా గట్టిపడి గారవుతుంది. అది పళ్ళని పట్టుకోవడం లేదయ్యా, చిగురుని కిందికి తోసి ఊడదీస్తోంది. ఇటుకపొడి పంటిని అరగదీస్తుంది, మానెయ్. మెత్తటి బ్రష్షుతో చిగురంచున, లోపలా బయటా తోముకో. పడుకోబోయే ముందు కూడా. రక్తం వస్తోందని ఆపకు" అన్నారు. గారంతా గీకి తీశారు.

ఇంటికొచ్చి నాలుకతో తడుముకుంటే గార పోయిన చోట పళ్ళ మధ్య సందులు! ఇంతెత్తున లేచాడు. "నా నోటికాడ కూడు తీసేశావు కదే!" అన్నాడు. ఆ మాటకి ఏడ్చాను. భయంతో ట్రంపెట్ ముట్టుకోలేదు. బ్రష్షు మాత్రం మానలేదు. నేను పక్కన నిలబడితే ఎలా మానతాడు! మెల్లిగా చిగుళ్ళ వాపు తగ్గింది, రక్తం ఆగింది, పళ్ళు కాస్త బిగిశాయి.

మంగళగిరి పెళ్ళికి బిక్కుబిక్కుమంటూ వెళ్ళాడు. ఊరేగింపు ఆసాంతం ఊది, తెల్లారాక వచ్చాడు. గుమ్మంలోనే "మార్తా, ఊదానే!" అని చంటిపిల్లాడిలా నవ్వాడు. "ప్రభువా!" అనుకుని అక్కడే కూలబడ్డాను.

మొహం కడుక్కొచ్చి నా ఎదురుగా కూచున్నాడు. "ఏదీ, నువ్వు నోరు తెరువు" అన్నాడు.

"నాకేంటయ్యా? నేనేమన్నా బాకా ఊదుతానా?"

"తెరవ్వే."

నా మొహం వెలుగులోకి తిప్పి చూశాడు. నవ్వు పోయింది. నా చిగుళ్ళు ఎప్పట్నుంచో వాచి రక్తం కారుతున్నాయి. నా పళ్ళతో ఎవరికేం పనిలే అని ఊరుకున్నాను.

"చీర మార్చుకో. డాక్టరు గారి దగ్గరికి పోదాం" అన్నాడు. రాత్రంతా ఊదొచ్చిన మనిషి, కునుకైనా తీయకుండా చొక్కా తొడుక్కుంటున్నాడు.