బోర్లించిన పొర

సోమవారం ఉదయం పది దాటాక, పొరల ల్యాబులో కుడి ఎడమలు తారుమారయ్యాయని తేలింది. ఆ సంగతి తెలిసింది ఒక్క మనిషికే. తారుమారు చేసిందీ ఆమే.

ల్యాబులో ఆమెను మీటరమ్మ అంటారు. ప్లాస్టిక్ పొరల గుండా మురికినీళ్లు తోసి, ఏ పొర ఎంతసేపటికి పూడుకుపోతుందో మీటరు చూసి చెప్పడం ఆమె పని. పొరలు పోసేది ఆమె వదిన, సొంత అన్న భార్య. పాలిమర్ ద్రావణాన్ని, అంటే కరిగించిన ప్లాస్టిక్‌ను, అద్దం మీద పలచగా పరిచి నీళ్లలో ముంచితే అది తెల్లటి పొరగా గట్టిపడుతుంది. ఆ ద్రావణంలో టైటానియం నానో పొడి కలిపితే పొరకు నీళ్లంటే ఇష్టం పెరుగుతుందని, మురికి అంత తొందరగా అంటుకోదని వదిన నమ్మకం. ఏళ్లుగా ఆమె పని అదే.

పొడి ఉన్నా లేకపోయినా పొర తెల్లగానే ఉంటుంది. గుర్తు కోసం వదిన ఒక మూల కత్తిరించేది. పొరను నిలువుగా, కోసిన మూల పైకి వచ్చేలా పట్టుకుంటే, పొడి ఉన్నదానికి కుడి మూల తెగి ఉంటుంది, లేనిదానికి ఎడమ మూల. పొరకు ఒకవైపే మెరుపు. ఆ మెరుపు పైకి పెట్టి చూడాలి. ఈ చివరి మాట ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఎవరికీ అనిపించలేదు.

మీటరమ్మ జాగ్రత్త గల మనిషి. మురికిని ఆపేది మెరిసే వైపే కాబట్టి దానికి గీత పడకూడదని, పొరను బోర్లించి మీటరులో పెట్టే గుండ్రటి బిళ్లలు కోసేది. కోసేముందు మూల చూసి డబ్బీ మీద పేరు రాసేది.

రెండు నెలల కిందటి మీటింగులో, పొడి వేసిన పొరలే ముందు పూడుకుపోతున్నాయని ఆమె చెప్పింది. పొడి ఉండలు కడుతోందేమోనని ల్యాబు పెద్దాయన అడిగారు.

"మా వదిన ఏది కలిపినా ఉండలేనండీ. రోజూ తినేవాళ్లం, మాకు తెలియదా" అంది మీటరమ్మ.

గది గదంతా నవ్వింది. వదిన కూడా నవ్వింది, అందరికన్నా ఆలస్యంగా.

ఆ తర్వాత వదిన పొడిని ఇంకా ఎక్కువసేపు కలిపింది, వడకట్టింది, మళ్లీ మళ్లీ పొరలు పోసింది. ప్రతిసారీ మీటరమ్మ అదే కథ అని చెప్పింది. చివరికి పొడి డబ్బాలు అల్మారాలో పెట్టి తాళం వేశారు. వదినను జిగుర్ల విభాగానికి పంపారు. ఈ సోమవారం మధ్యాహ్నం మీటింగులో పొడి పనిని శాశ్వతంగా మూసేయాలని అనుకున్నారు.

ఉదయం మీటరు మీదున్నది మామూలు పొర. వదిన చోటికి వచ్చినాయన, అల్మారాకు తాళం పడ్డాక పోసినది. అది గంటలో పూడుకుపోయింది, అచ్చం పొడి వేసిన వదిన పొరల్లాగే. బిళ్లలు కోయగా మిగిలిన పొర బల్ల మీద బోర్లా పడి ఉంది. దాని కుడి మూల తెగి ఉంది. పొడికి తాళం పడి ఉండగా కుడి మూల ఎందుకు తెగుతుంది? మీటరమ్మ పొరను తిప్పింది. కిటికీ వెలుతురుకు అది మెరిసింది. తెగిన మూల ఎడమకు వచ్చింది.

అంటే ఇన్నాళ్లూ పొడి లేని పొరలకే ఆమె పొడి ఉందని రాసింది. మీటరు ఆపడం మరిచిపోయింది.

ఒక దారి తోచింది. ఇంకోసారి పరీక్ష చేసి, ఈసారి పొడి బాగా కలిసిందని చెప్పేయవచ్చు. వదిన నమ్ముతుంది. అన్న సంతోషిస్తాడు. పాము చావదు, కర్ర విరగదు. ఆమె ఆ మాటే పట్టుకుని జిగుర్ల విభాగానికి వెళ్లింది.

వదిన గ్లవ్స్ తీయలేదు. ఇంకోసారి చేసి చూద్దామా అని మీటరమ్మ అడిగితే తల అడ్డంగా ఊపింది.

"వద్దులే అమ్మాయ్. నువ్వు చెప్పిందే నిజం. నా చేతిలోనే ఉంది ఆ లోపం. ఇంట్లో కూడా ఏదైనా కలపాలంటే భయంగా ఉంటోంది ఈమధ్య."

మీటరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. కొన్నాళ్లుగా వంట అన్నే చేస్తున్నాడు. వదినకు ఒంట్లో బాగోలేదని అనుకుందామె.

"నీ చేతిలో ఏం లేదు వదినా. నేను పొరను బోర్లించి చూశాను. మొదటి నుంచీ."

వదిన అప్పుడు గ్లవ్స్ తీసింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"నవ్విన గదిలో చెబుతావా?"

మధ్యాహ్నం మీటింగులో మీటరమ్మ లేచి, పొరను బల్ల మీద బోర్లా పెట్టి, తెగిన మూల చూపించి, తిప్పి మళ్లీ చూపించింది. తన జోకును కూడా తానే గుర్తుచేసింది. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని, పొరలన్నీ మళ్లీ పోయించి పరీక్షించమన్నారు. అల్మారా తాళంచెవి వదిన ముందుకు జరిపారు. వదిన తీసుకుంది.

రోజూ ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికి వెళ్తారు. ఆ రోజు మీటరమ్మ స్టాపుకు వచ్చేసరికి వదిన ముందు బస్సులో వెళ్లిపోయింది.

ఆ వారంలోనే కొత్త పొరలు మీటరు గదికి చేరాయి. పొడి లేనివాటికి ఒక మూల తెగి ఉంది. పొడి ఉన్నవాటికి నాలుగు మూలలూ తెగి ఉన్నాయి.