సంతకం పెట్టని ప్రయాణికులు

విమానాశ్రయం కౌంటర్లోని అమ్మాయి వేలు పెట్టి చూపించిన చోటల్లా ముసలాయన సంతకం పెట్టేశాడు. టిఫిన్ కూపన్ చేతికొచ్చాక గాని కాగితం చదువుకోలేదు. 'నా ఇష్టంతోనే ప్రయాణం మానుకున్నాను, పరిహారం అడగను' అని ఉంది.

"నేను మానుకోవడమేమిటమ్మా? ఆలస్యం చేసింది మీరు కదా!"

"తర్వాతెవరండీ?" అంది ఆ అమ్మాయి, ఆయన మొహం చూడకుండానే.

తర్వాత ఉన్నది కాజాలక్క. ఇరవై ఏళ్లు చొక్కాలకు కాజాలు కుట్టి కుట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. వెనకాల మరో పదిమంది కుట్టుపని ఆడవాళ్లు. సాయంత్రం ఆరింటిలోగా కొత్త ఫ్యాక్టరీలో హాజరు వేయించుకోకపోతే వాళ్ల మిషన్ల ముందు వేరేవాళ్లు కూర్చుంటారు. మొదటి విమానం నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చి దింపింది. ఎక్కాల్సిన రెండోది వెళ్లిపోయింది.

"వాతావరణం బాగాలేకపోతే విమాన కంపెనీ ఏం చేస్తుంది?" అన్నాడు కౌంటర్ వెనకున్న మేనేజరు. "సంతకం పెడితే టికెట్ డబ్బుల్లో సగం ఇస్తాం."

"పెట్టేద్దాం అక్కా," అంది జట్టులో అందరికన్నా చిన్నది. "సగమైనా దక్కుతుంది. వీళ్లతో మనమేం గెలుస్తాం?"

"పని పోయేట్టుంది. టికెట్ పోయింది. తప్పు కూడా మాదేనని రాసివ్వాలా?" అంది కాజాలక్క మేనేజరుతో.

అప్పుడే వాళ్ల పెట్టెలు బండి మీద తోసుకొచ్చిన లోడరు గొంతు తగ్గించి అన్నాడు: "వాతావరణమా, పాడా! మిమ్మల్ని తేవాల్సిన విమానాన్ని పొద్దున ఇక్కణ్నుంచి ఇంకో ఊరికి తిప్పారు. సామాను ఎక్కించింది నేనే. అది తిరిగొచ్చాకే మీకోసం బయల్దేరింది."

"ఆ మాట అందరికీ చెబుతావా అన్నా?"

అతను మెడలోని కార్డు తడుముకున్నాడు. "ఉద్యోగం ఊడుతుందమ్మా." బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

కాజాలక్క బతిమాలలేదు. నీళ్లు తాగడానికి లేవాలన్నా సూపర్‌వైజర్ మొహం చూసిన మనిషి. ఆ భయం ఆమెకు కొత్త కాదు. కౌంటర్ ముందే చతికిలబడింది. పదిమందీ కూర్చున్నారు. ముసలాయన కూపన్ చించేసి పక్కన చేరాడు. వరసలోని టీచరమ్మ, ఫొటోలు తీయాల్సిన పెళ్లి తప్పిపోయిన ఫొటోగ్రాఫరు, ఇంకెవరెవరో. చూస్తూండగానే నలభై మంది అయ్యారు.

"లేవండి! ఎవరో చెప్పిన పుకారు పట్టుకుని గొడవేంటి?" మేనేజరు గార్డుల్ని పిలిచాడు.

"పుకారు కాదు!"

లోడరు. ఖాళీ బండి వదిలేసి వస్తున్నాడు. ఏ విమానం, ఎన్నింటికి, ఏ ఊరికి, అన్నీ గొంతెత్తి చెప్పాడు. గార్డులు మెడలో కార్డు తెంపి, చెరో రెక్కా పట్టుకుని లాక్కుపోయారు.

కాజాలక్క టీచరమ్మ దగ్గర కాగితం తీసుకుంది. పూర్తి డబ్బు, పరిహారం, తర్వాతి విమానంలో చోటు అని వరసగా రాసింది. కలం ఆపి, వాటన్నిటికీ పైన ఇంకో వాక్యం ఇరికించింది: లోడరును వదలాలి, పనిలో ఉంచాలి.

మేనేజరు చదివి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. గొంతు తేనెలా మారింది. "మీ పదకొండు మందికీ మొత్తం ఇచ్చేస్తాను. పరిహారంతో సహా. ఆ పై లైను కొట్టేయండి చాలు."

గోడ గడియారం ఆరు దాటింది. ఫ్యాక్టరీలో పని ఇక లేనట్టే. ఆ డబ్బు వస్తే రెండు నెలలు గడుస్తుంది. కాజాలక్క వెనక్కి తిరిగి పదిమందినీ చూసింది. తన ఒక్కదానిదే అయితే కుదరదని చెప్పేసేది. పది ఇళ్ల మాట.

జవాబు జట్టులో అందరికన్నా చిన్నదే చెప్పింది. "ముందు ఆయన్ని తీసుకురా. డబ్బు సంగతి తర్వాత."

"అంతే!" అన్నారు వెనకనుంచి.

అవతల సామాను బెల్టు కీచుమని ఆగింది. పెట్టెలు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. అద్దాల తలుపు తోసుకుని తొమ్మిదిమంది లోడర్లు వచ్చారు, చెమటతో, చేతి తొడుగులతో.

"మావాణ్ని ఏ గదిలో పెట్టారు?"

కాజాలక్క లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

"అటు లాక్కెళ్లారు. పదండి, మేమూ వస్తున్నాం."