లాథన్‌కి తెలిసిన తట్టు

కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ చివర్లో ఆడే బౌల్ మ్యాచ్‌కి ముందు ఊరివాళ్ళు రెండు జట్లకీ కలిపి విందు పెట్టడం ష్రీవ్‌పోర్ట్‌లో ఆనవాయితీ. బార్లో కాలేజీవాళ్ళు ఒక పక్క, వెస్ట్ కాల్డర్‌వాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. పోయినేడు దాకా బార్లోలో ఆడి, ఇప్పుడు కాల్డర్ చొక్కా తొడుక్కున్న లాథన్ రూ, గంబో పులుసు గిన్నె పట్టుకుని తాపీగా వచ్చి ఎమెట్ కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"బాగా తినరా ఎమెట్. నీకిదే ఆఖరి మ్యాచ్ కదా. రేపట్నుంచి నిన్ను పిలిచి పెట్టేవాడు ఉండడు."

"నీకా లోటు లేదులే. ఎవడు పిలిస్తే వాడి వెనకాల పోతావుగా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళిద్దరూ నవ్వలేదు. రెండేళ్ళు ఒకే గదిలో పడుకున్నవాళ్ళు. ఓ రోజు ఎమెట్ ప్రాక్టీస్ నుంచి వచ్చేసరికి లాథన్ మంచం ఖాళీగా ఉంది. "ఓడిపోయేవాళ్ళతో ఎన్నాళ్ళని ఉంటాను" అని వేరేవాళ్ళ దగ్గర అన్నాడట. ఎమెట్‌కి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఎమెట్ గార్డు, ఎదుటివాళ్ళని అడ్డుకోవడం వాడి పని. బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించే ట్రావిక్‌కి ఎడమ పక్కన వంగి నిలబడతాడు. జనం హోరులో, వెనక బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ అరుపు వినపడదు. అందుకని ఎమెట్ వెనక్కి చూసి, వాడు పాదం ఎత్తగానే ట్రావిక్ తొడ మీద తడతాడు. తట్టీ తట్టగానే బంతి కదులుతుంది. అది కదిలేదాకా ఎదుటివాడు రెండు జట్ల మధ్య గీత దాటకూడదు. ఈ తట్టు ఎప్పుడు పడుతుందో, పడ్డాక బంతి ఎంతలో లేస్తుందో లాథన్‌కి కరతలామలకం. రెండేళ్ళు రోజూ ప్రాక్టీసులో ఎమెట్ ఎదురుగా నిలబడ్డవాడు మరి.

ఆ మాటే వారం ముందు కోచ్ గిల్లరీ అన్నాడు. "సైగ మార్చుకోండ్రా."

"వద్దు సార్. మన అసలు క్వార్టర్‌బ్యాక్, దెబ్బ తగిలితే ప్రొఫెషనల్ ఆటకి ఎవరూ తీసుకోరని ఈ మ్యాచ్‌కి తప్పుకున్నాడు. ఈ బ్రైస్ కొత్తవాడు, కొత్త సైగ పెడితే తడబడతాడు. అయినా ఆ లాథన్‌గాడికి జడిసి మన ఆట మార్చుకుంటామా?"

ఎమెట్ జట్టు కెప్టెన్ కాబట్టి గిల్లరీ ఊరుకున్నాడు.

మ్యాచ్ రోజు సన్నగా ముసురు. మొదటి నుంచీ లాథన్ దూకుడే దూకుడు. ఎమెట్ నడుం ఎత్తేలోపే పక్కనుంచి జారిపోయి బ్రైస్‌ని మట్టి కరిపిస్తున్నాడు. పడేసిన ప్రతిసారీ ఎమెట్ మీదుగా అడుగేస్తూ లేస్తున్నాడు.

"పాపం రా ఆ పిల్లాడు! వాళ్ళమ్మ నిన్ను నమ్మి పంపినట్టుంది."

మరోసారి, "ఇంటికి పోయి మీ నాన్న ట్రాక్టరు తోలుకోరా."

బార్లో జనమే ఎమెట్ పేరు పెట్టి తిట్టడం మొదలెట్టారు. ఇంకోసారి కింద పడ్డప్పుడు ఎమెట్‌కి తట్టింది: లాథన్ చూస్తున్నది బంతిని కాదు. తన చేతిని.

ఆఖరి క్వార్టర్‌లో మూడు పాయింట్లు వెనకబడి ఉండగా గిల్లరీ ఎమెట్ చొక్కా పట్టుకుని పక్కకి లాగాడు.

"హెల్మెట్ తీసి కూర్చో. నీ బదులు ఇంకొకణ్ణి పంపుతున్నా."

ఎమెట్ హెల్మెట్ తియ్యలేదు. కూర్చుంటే ఇక లేచేది లేదు. వాడి ఆట ఆ బెంచీ మీదే అయిపోతుంది.

"సార్, వాడు నా తట్టు చూసి దూకుతున్నాడు. మీరు చెప్పిందే నిజం. నేనే వినలేదు."

"ఇప్పుడా చెప్పేది? ఆ పిల్లాడి పక్కటెముకలు విరిగాక చెప్పకపోయావా!"

"కూర్చోబెట్టొద్దు సార్. అసలు తట్టు కుడి పక్క గార్డు నోలన్ తడతాడు. నేనూ ఎప్పట్లాగే తడతాను, కాకపోతే ముందు. వాడు నన్నే నమ్ముకుని ఉన్నాడు."

గిల్లరీ వాడి మొహంలోకి కోపంగా చూశాడు. "చెయ్యి తప్ప ఏది కదిలినా తప్పు నీదేనని రిఫరీ జెండా పడుద్ది. ఒక్క ఛాన్సు. అది చెడితే బెంచీయే."

పది గజాలు ముందుకి పోవడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఇది ఆఖరిది. ఇంకా మూడు గజాలు కావాలి. అవి రాకపోతే బంతి కాల్డర్‌కి పోతుంది. ఎమెట్ వెనక్కి చూశాడు, ముందుకి తిరిగాడు, ట్రావిక్ తొడ మీద తట్టాడు. ట్రావిక్ చేతిలో బంతి చెక్కుచెదరలేదు.

లాథన్ వచ్చి పడ్డాడు. ఎమెట్ రొమ్ముకి బండ తగిలినట్టయింది, కానీ వాడు పాదం కదపలేదు. ఈల మోగింది. పసుపు జెండా లాథన్ కాళ్ళ ముందే పడింది. ఆ తప్పుకి బార్లోకి ఐదు గజాలు దక్కాయి.

"వాడు దొంగాట ఆడుతున్నాడు సార్!" అని లాథన్ రిఫరీ మీదికి వెళ్ళాడు.

"కదిలింది నువ్వు. వెనక్కి పో."

అక్కణ్ణుంచి లాథన్ కళ్ళు వాడికే పనికిరాకుండా పోయాయి. ఎమెట్ చెయ్యి చూడాలా, నోలన్ చెయ్యి చూడాలా, బంతి చూడాలా అని తికమకపడేలోపు ఆట నడిచిపోతోంది. కాల్డర్ గోల్ గీతకి రెండు గజాల దూరంలో వాడు ఒక్క రెప్పపాటు ఆలస్యంగా లేచాడు. ఎమెట్ వాడి చంకల కిందికి దూరి, ఎత్తి, వెల్లకిలా పడేసి మీద కూలబడ్డాడు. ఆ సందులోంచే బ్రైస్ బంతి పొట్టకి కరుచుకుని గీత దాటి లోపలికి దొర్లాడు. ఆరు పాయింట్లు.

బార్లో గెలిచింది. ఆట అయ్యాక చేతులు కలిపే వరసలో లాథన్ ఎదురొచ్చాడు. మొహం నిండా మట్టి.

"వచ్చే ఏడు నేనింకా ఆడతాన్రా. నువ్వు మీ ఇంట్లో కూర్చుని టీవీలో చూస్తావు."

అది ఎమెట్‌కి ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. అయినా తల దించలేదు.

"చూస్తాన్రా. నువ్వు పడ్డప్పుడల్లా సౌండు పెంచి మరీ చూస్తా."

లాథన్ చెయ్యి చాచలేదు. ఎమెట్ కూడా చాచలేదు. వెనకున్నవాళ్ళు కదలండ్రా అని నెడుతుంటే ఇద్దరూ భుజాలు గట్టిగా రాసుకుంటూ దాటిపోయారు.