చెప్పి రానివ్వని ఊరు

దైవాధీనం గల్ఫ్‌లో ఒక ఊళ్ళో నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. అతని భార్య చిట్టెమ్మ అదే ఊళ్ళో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. ఇద్దరిదీ దివిసీమలో కోడూరు. శుక్రవారం సాయంత్రం మాత్రమే ఆమెకు సెలవు. సముద్రం ఒడ్డున సిమెంటు గట్టు మీద కూర్చుని, ఆమె చాటుగా వేయించి తెచ్చిన ఉప్పుచేపతో అన్నం తినేవారు. ఆ ఒక్క పూట కోసమే అతను వారమంతా స్టీరింగు తిప్పేవాడు.

2006లో అక్కడ ఉండే అనుమతి పొడిగించుకోవడానికి రక్తపరీక్ష ఇచ్చాడు. కొద్దిరోజులకే పోలీసులు పనిచేసేచోటికి వచ్చారు. గదికెళ్ళి బట్టలు తెచ్చుకుంటానన్నా వినలేదు. నా భార్య ఈ ఊళ్ళోనే ఉంది, ఒక్కమాట చెప్పొస్తానని వచ్చిన అరబ్బీ ముక్కలన్నీ కూడగట్టి బతిమాలాడు. సంకెళ్ళు వేసి విమానం ఎక్కించారు. జబ్బు పేరైనా చెప్పలేదు.

బందరు ఆసుపత్రిలో కౌన్సెలర్ బిందు చెప్పింది, హెచ్ఐవీ అని. మందులు వాడుతుంటే అందరిలా బతకొచ్చని, పని చేసుకోవచ్చని ధైర్యం చెప్పింది.

"మరి వాళ్ళెందుకు తరిమేశారండీ?"

"వాళ్ళ చట్టం అట్లా ఉందండీ. తప్పు చట్టం."

శుక్రవారం చిట్టెమ్మ ఫోన్ చేసింది. అతను దాచకుండా చెప్పేశాడు. అవతల చాలాసేపు ఏడుపు తప్ప ఇంకేం వినపడలేదు.

"చీకటిపడేదాకా గట్టుమీదే కూర్చున్నా మామా," అంది చివరికి. "చెప్పకుండా పోయావని తిట్టుకున్నా."

తర్వాత ఆమెకూ పరీక్ష జరిగింది. ఫలితం తెలిసేదాకా దైవాధీనానికి ముద్ద దిగలేదు. ఆమెకేమీ లేదన్నారు. కానీ పాస్‌పోర్టు యజమానురాలి దగ్గరుంది. ఒప్పందం తీరేదాకా ఆమె రావడానికి వీల్లేదు. అతను వెళ్ళలేడు.

వెళ్ళే దారి ఉందన్నాడు గుడివాడ ఏజెంటు ప్రకాశరావు. "నీ బదులు ఇంకోడి రక్తం ఇప్పిస్తానయ్యా. మందులు మాత్రం వెంట తీసుకెళ్ళకు, దొరికిపోతావ్."

దైవాధీనం బస్టాండుకొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. ఊరికెళ్ళే అవనిగడ్డ బస్సులు వచ్చి పోతూనే ఉన్నాయి. అతనికి లేవాలనిపించలేదు. మందుల్లేకుండా చిట్టెమ్మ పక్కన ఎన్నాళ్ళు కూర్చోగలడు? ఆమె కళ్ళ ముందే కూలిపోతే? పొద్దువాలాక ఏజెంటుకు ఫోన్ చేసి, రానని చెప్పాడు.

ఆ డిసెంబరులో హెచ్ఐవీ ఉన్నవాళ్ళంతా బందరు కలెక్టరాఫీసు ముందు ధర్నాకు కూర్చున్నారు. బిందు రమ్మంటే వెనకాల నిలబడదామనే వెళ్ళాడు. కానీ మైకు చేతికొచ్చేసరికి వదల్లేకపోయాడు.

"ఆ ఊరంతా నేను పోసిన నీళ్ళే తాగింది. ఎవరికేమైంది? నా పెళ్ళానికి కూడా చెప్పనివ్వకుండా దొంగని తోలినట్టు తోలేశారు. జబ్బు నేరమా అండీ?"

బయటికొచ్చిన అధికారి వినతిపత్రం అందుకున్నాడు. "అది వాళ్ళ దేశం చట్టం. మనమేం చేస్తామయ్యా?"

"మాట్లాడండయ్యా. మీ మాట వాళ్ళు వింటారు. మా మాట మీరైనా వినాలి గదా."

ఢిల్లీకి పంపుతామన్నారు. జవాబు రాలేదు. దైవాధీనం మాత్రం ఊరుకోలేదు. గల్ఫ్ నుంచి తనలాగే వచ్చిపడ్డవాళ్ళను వెతికి, బిందు దగ్గరికి తీసుకొచ్చేవాడు. జబ్బు నేరమా అని ప్రతి సభలోనూ అడిగేవాడు.

2008 ఎండాకాలంలో చిట్టెమ్మ గుడివాడ స్టేషన్లో రైలు దిగింది. సన్నబడ్డ అతని చెంపలు నిమిరి, నలుగురూ చూస్తున్నారని చెయ్యి తీసేసింది. అవనిగడ్డ బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. చల్లపల్లి దాటాక అతను నోరు విప్పాడు.

"చట్టం మారితే ఒక్కసారి వెళ్ళాలే చిట్టీ."

"మళ్ళీ ఆ ఊరా? ఎందుకు మామా?"

"పనికి కాదులే. ఊరికే చూసి, అందరికీ చెప్పి, మన కాళ్ళతో మనమే బయల్దేరి రావాలని."

చిట్టెమ్మ అతని భుజానికి తల ఆనించి, కిటికీలోంచి పొలాలకేసి చూస్తూ ఉండిపోయింది.